అమ్మ పోయాక వచ్చిన విడాకులు, నాన్న పెన్షన్: విశాఖలో నా అనుభవం

నాన్న విశాఖలోనే ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి 2009లో రిటైరయ్యారు. 2019 జనవరిలో పోయారు. ఆయన తర్వాత అమ్మకు కుటుంబ పెన్షన్ వచ్చేది. 2021 మే నెలలో కోవిడ్‌తో అమ్మ కూడా పోయింది. 2025 ఫిబ్రవరి నుంచి ఆ పెన్షన్ నాకు వస్తోంది, విడాకులు పొందిన కూతురిగా. మధ్యలో ఏం జరిగిందో, ఎక్కడ ఆగిందో, ఎలా కదిలిందో రాస్తున్నాను. ఆఫీసు పేరు, బ్యాంకు పేరు రాయను. నాలాంటి ఆడపిల్లలు తమ అమ్మానాన్నలు బతికుండగానే ఇది చదవాలని నా కోరిక.

నా పెళ్లి 2007లో అయింది. 2015లో నాలుగేళ్ల పాపను తీసుకుని గోపాలపట్నంలో పుట్టింటికి వచ్చేశాను. కారణాలు ఇక్కడ వద్దు. ఆ ఏడాదే రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఇక ఎవరి దారి వారిది అన్నారు. మా బంధువుల్లో చాలామందికి అదే విడాకులు. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి నేనూ పనిలో పడ్డాను.

నాన్న మాత్రం ఊరుకోలేదు. "అది కాయితం అమ్మా, కోర్టు ముద్ర ఉండాలి" అని మూడేళ్లు చెవినిల్లు కట్టుకుని పోరారు. మళ్లీ ఆ మనిషి ముఖం చూడాలంటేనే నాకు వణుకు. చివరికి 2018 జూన్‌లో నాన్నే వకీలు దగ్గరకు తీసుకెళ్లి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయించారు. ఓపీ నంబరు, అంటే కోర్టు ఆ పిటిషన్‌కు ఇచ్చే నంబరు, వచ్చిన రోజు ఆ చీటీని తన పెన్షన్ కాగితాల ఫైల్లో పెట్టుకున్నారు. ఎందుకని అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కేసు సాగుతూనే ఉంది. కౌన్సెలింగ్, వాయిదాలు, అవతలి వైపు రాకపోవడం, 2020లో కోర్టులు మూతపడటం. ఈలోగా నాన్న పోయారు, ఆ తర్వాత అమ్మ. అమ్మ పోయిన నెలలో ఇంట్లో మాట్లాడే పెద్దదిక్కు లేక, పాపకు అన్నం పెట్టి నేను గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ స్థితిలో బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. అమ్మ చనిపోయిన తేదీ తర్వాత రోజులకు పడిన పెన్షన్ వెనక్కి తీసుకుంటామన్నారు. అది నియమమే, తప్పు కాదు. మరణ ధ్రువీకరణ పత్రం వెంటనే ఇచ్చి ఆ ఖాతా లెక్క తేల్చుకోవడం మంచిది, లేకపోతే తర్వాత పెద్ద మొత్తం వసూలు చేస్తారు.

2023 మార్చి 21న డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు వచ్చింది, ఎక్స్‌పార్టీగా, అంటే అవతలి వైపు హాజరు కాకుండానే. వకీలు ఫీజు విడతలు విడతలుగా నలభై వేలు అయింది. అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది కాబట్టి అది దాటాక కాగితాలు తీసుకెళ్లమని వకీలు గారు చెప్పారు. పెన్షన్ సంగతి కూడా మొదట చెప్పింది ఆయనే. "మీ నాన్నగారిది సెంట్రల్ గవర్నమెంటు కదమ్మా, కూతురికి వస్తుంది, అడుగు" అన్నారు. అప్పటికి నేను ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో 9,500 జీతానికి పాఠాలు చెబుతున్నాను. అద్దె లేదు కాబట్టి గడుస్తోంది. నమ్మకం లేకుండానే మొదలుపెట్టాను.

ముందు బ్యాంకుకు వెళ్లాను. అక్కడ తేలిన మొదటి విషయం: పెన్షన్ పత్రంలో, అంటే పీపీఓలో, నాన్న తర్వాత అమ్మ పేరు మాత్రమే ఉంది. భార్య పేరు ఉంటుంది కాబట్టి మరణ ధ్రువీకరణ ఇవ్వగానే బ్యాంకే మొదలుపెడుతుంది. కూతురి పేరు అందులో లేకపోతే బ్యాంకు ఏమీ చేయలేదు. నాన్న రిటైరైన ఆఫీసే నాకు మంజూరు చేసి కొత్త పీపీఓ పంపించాలి. ఈ మాట బ్యాంకు అమ్మాయి ఓపికగా చెప్పింది, ఆమెకు రుణపడి ఉంటాను.

ఆఫీసులో అడిగిన కాగితాలు ఇవి: అమ్మానాన్నల మరణ పత్రాలు, పీపీఓ నకలు, డిక్రీ సర్టిఫైడ్ కాపీ, తహసీల్దారు నుంచి ఆదాయ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, అన్నయ్య నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్, ఆధార్, పాన్, ఫోటోలు. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే ఆదాయం కాగితం కొద్ది రోజుల్లోనే వచ్చింది. పేరు దగ్గర మాత్రం చిక్కు పడింది. నాన్న సర్వీసు పుస్తకంలో నేను పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాను. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, డిక్రీలో ఇంకో స్పెల్లింగు. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, పదో తరగతి మార్కుల జాబితా జతచేశాను. ఆధార్‌లో పుట్టింటి పేరు మార్పించుకున్నాకే బ్యాంకు ఖాతా పేరు కలిసింది. విడాకులు అయినవాళ్లు ఈ పని అన్నిటికంటే ముందు చేసుకోవాలి.

అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు. అఫిడవిట్ మీద సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు వదిన కూడా వచ్చింది. సంతకం అయ్యాక వదిన నా చెయ్యి పట్టుకుని, "ఇది మీ నాన్నగారి డబ్బు, నీకు రావాల్సిందే" అంది. చాలా ఇళ్లలో ఈ ఒక్క సంతకం దగ్గరే పని ఆగిపోతుందని తర్వాత విన్నాను.

ఆదాయం ఎంతలోపు ఉండాలన్నది ఆఫీసులో స్పష్టంగా చెప్పారు. కనీస కుటుంబ పెన్షన్ 9,000, దాని మీద అప్పటి కరువు భృతి. నేను దరఖాస్తు చేసిన 2023 జులైలో ఇంకా 42 శాతమే ఇస్తున్నారు, అంటే నెలకు 12,780 లోపు. నా జీతం అంతకంటే తక్కువ. నెలవారీ భరణం ఏమైనా వస్తోందా అని అడిగారు. డిక్రీలో లేదని ఆ పేజీ చూపించాను.

ఆ తర్వాత నెలలు గడిచాయి. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అనేవారు. డిసెంబరులో ఉత్తరం వచ్చింది. సారాంశం ఒక్కటే: తల్లి చనిపోయిన నాటికి నేను విడాకులు పొందలేదు కాబట్టి అర్హత లేదు. అమ్మ పోయింది 2021లో, డిక్రీ 2023లో. లెక్క సరిగానే ఉన్నట్టు కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోర్టు వాయిదాలు నా చేతిలో లేవు, కోవిడ్ నా చేతిలో లేదు, అమ్మ ప్రాణం నా చేతిలో లేదు. ఇంకెవరి ఆలస్యానికో నా బిడ్డ తిండి పోతోందనిపించింది. కోపం కంటే అవమానం ఎక్కువైంది.

నాన్నతో పనిచేసిన ఒకాయన్ని నేను చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తాను. ఆయన ఆ ఉత్తరం చదివి, మర్నాడు పొద్దున్న ద్వారకానగర్‌లో పెన్షనర్లు కలుసుకునే చోటికి రమ్మన్నారు. అక్కడ ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు ఉత్తరం వంక చూసి, "వీళ్లు 2013 వివరణ దగ్గరే ఆగిపోయారు" అన్నారు. తన సంచిలోంచి కాగితాలు తీసి చూపించారు. 2013 సెప్టెంబరు 11 నాటి వివరణ ప్రకారం, అమ్మానాన్నలు ఇద్దరూ పోయే నాటికే కూతురు అర్హత పొంది ఉండాలి. కేంద్ర పెన్షన్ల శాఖ 2017 జులై 19న దాన్ని సడలించింది. తండ్రి గానీ తల్లి గానీ బతికుండగా విడాకుల కేసు కోర్టులో దాఖలై ఉంటే చాలు, డిక్రీ వాళ్లు పోయాక వచ్చినా కూతురికి పెన్షన్ ఇవ్వాలి. డిక్రీ తేదీ నుంచి లెక్క. 2021 పెన్షన్ నియమాల్లోనూ ఇది 50వ నియమం కింద వచ్చింది.

"కేసు ఎప్పుడు వేశావమ్మా?" అని అడిగారు ఆయన. 2018 జూన్ అన్నాను. "అప్పటికి మీ నాన్న ఉన్నాడు కదా" అన్నారు. నాన్న ఎందుకు అన్నేళ్లు పోరారో, ఆ ఓపీ నంబరు చీటీని పెన్షన్ ఫైల్లో ఎందుకు పెట్టుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది. అంతమంది పెద్దవాళ్ల మధ్య ఏడ్చేశాను. ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

2015 నాటి స్టాంపు కాగితం సంగతి అడిగితే అది ఈ పనికి చెల్లదన్నారు. కోర్టు డిక్రీ కావాలి, కేసు వేసిన తేదీకి కోర్టు రుజువు కావాలి. నాన్న నా మాట విని ఆ కాగితంతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ రోజు నాకు పైసా వచ్చేది కాదు. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: విడిపోయి పుట్టింట్లో ఉంటున్న కూతురు ఉన్న ప్రతి పెన్షనరూ కేసు తన కళ్ల ముందే దాఖలు చేయించాలి. తీర్పు ఎప్పుడు వస్తే అప్పుడే రానీ.

ఆ గదిలో ఇంకా చాలా కథలు విన్నాను. మొదటి భార్యకు విడాకులిచ్చి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒకాయన, రెండో భార్య పేరు పీపీఓలో ఎక్కించుకోవడానికి వచ్చారు. విడాకులు పొందిన భార్యకు పెన్షన్‌లో భాగం ఉండదు గానీ, ఆమె పిల్లలు అర్హత వయసులో ఉంటే తల్లికి వచ్చి ఉండే వాటా వాళ్లకు వస్తుందని పెద్దాయన చెప్పారు. ఆ వచ్చినాయన ముఖం చూస్తే ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

2024 జనవరిలో 2017 ఉత్తర్వు నకలు జతచేసి మళ్లీ దరఖాస్తు ఇచ్చాను. ఈసారి కోర్టు నుంచి పిటిషన్ సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాను, దాఖలు తేదీ ముద్ర కనిపించేలా. కాపీ దరఖాస్తు, స్టాంపులు, జిరాక్సులు కలిపి కొన్ని వందలు. ఖర్చు కంటే సెలవులే భారం. స్కూల్లో సెలవు పెడితే జీతం కోత. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వార్డు ముద్ర, అంటే అందినట్టు ఆఫీసు ముద్ర, వేయించుకుని రసీదు దాచాను, బాబాయ్ మరీ మరీ చెప్పారు.

ఏప్రిల్ దాకా కదలిక లేదు. మే నెలలో సీపెన్‌గ్రామ్స్ అనే కేంద్ర పెన్షన్ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేశాను. పాప పక్కన కూర్చుని టైపు చేసింది. డబ్బు ఏమీ కట్టనక్కర్లేదు. పీపీఓ నంబరు, తిరస్కరణ ఉత్తరం, 2017 ఉత్తర్వు, పిటిషన్ కాపీ అప్‌లోడ్ చేయాలి. కొన్ని వారాలకు ఆఫీసు నుంచే ఫోను వచ్చింది. ఈసారి మాట తీరు మారింది.

జులైలో విచారణకు ఒకాయన ఇంటికి వచ్చారు. నేను నిజంగా ఇక్కడే, అమ్మానాన్నల దగ్గరే ఉండేదాన్నా, మళ్లీ పెళ్లి చేసుకున్నానా అని చూడటానికి. రైస్ కార్డు, పాప స్కూలు రికార్డు, గ్యాస్ పుస్తకం చూపించాను. తర్వాత ఆయన పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను అడిగారు, ఇంట్లో మగమనిషి ఎవరైనా ఉంటున్నారా అని. ఆయన పని ఆయన చేశారు, మర్యాదగానే చేశారు. కానీ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్న వింటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎదురింటి అత్తగారు మాత్రం గట్టిగా, "ఆ పిల్ల, దాని కూతురు, అంతే బాబూ. తల్లిని చివరిదాకా చూసుకుంది" అని చెప్పారు. ఇలా అడుగుతారని ముందే తెలిస్తే మనసు కొంచెం గట్టి చేసుకోవచ్చు, అందుకే రాస్తున్నాను.

అక్టోబరులో మంజూరు ఉత్తర్వు వచ్చింది. అక్కడితో అయిపోలేదు. ఆ కాగితం ఢిల్లీలోని కేంద్ర పెన్షన్ లెక్కల ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి బ్యాంకు పెన్షన్ కేంద్రానికి వచ్చి, చివరికి మా బ్రాంచికి చేరాలి. మూడు నెలలు దాటింది. 2025 ఫిబ్రవరిలో ఫోనుకు మెసేజ్ వచ్చింది. 2023 మార్చి 21 నుంచి బకాయి కలిపి నాలుగు లక్షల అరవై వేలు దాటి పడింది. స్టాఫ్ రూములో ఉన్నాను. నాన్న ఫోటో ఫోనులో తెరిచి చూసుకున్నాను.

నాన్న ఆఖరి జీతం 7వ వేతన సంఘం లెక్కలో 46,200. అందులో 30 శాతం, అంటే 13,860 నా మూల పెన్షన్. దాని మీద కరువు భృతి. ఇది రాస్తున్న 2025 చివర్లో 58 శాతంతో 21,899 వస్తోంది. నెలకు పది వేలు పాప పేరున పోస్టాఫీసులో కడుతూ వచ్చాను. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రంతో పాటు మళ్లీ పెళ్లి చేసుకోలేదని, ఆదాయం పరిమితిలోపే ఉందని సంతకం చేసి ఇవ్వాలని బ్యాంకులో చెప్పారు. జీతం పెరిగితే ఆ పరిమితి చూసుకోవాలి. 2025 చివర్లో అది 14,220. నా జీతం 12,000 అయింది.

ఇక పెళ్లి సంగతి. 2025 వేసవిలో వదిన తరఫు నుంచి ఒక సంబంధం వచ్చింది. అనకాపల్లి వైపు మనిషి, భార్య పోయింది, ఒక బాబు. పరవాడలో ప్రైవేటు కంపెనీలో 32,000 జీతం. మంచివాడు. పాపకు నచ్చాడు. కానీ మళ్లీ పెళ్లి చేసుకున్న రోజుతో నా పెన్షన్ ఆగిపోతుంది. నా తర్వాత నా కూతురికీ రాదు, మనవరాలికి అర్హత లేదు.

మా పెద్దమ్మ కూతురు విషయం వేరు. ఆమె భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, సర్వీసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, పెన్షన్ ఆగలేదు. పిల్లలు లేని వితంతువుకు 2006 నుంచి ఆ వెసులుబాటు ఉంది, ఆమె ఇతర ఆదాయం ఆ కనీస పరిమితి దాటకూడదు, అంతే. పిల్లలున్న వితంతువు పెళ్లి చేసుకుంటే పెన్షన్ పిల్లలకు మారుతుంది. ప్రైవేటు కంపెనీల పీఎఫ్ పెన్షన్‌లో ఇంకో పద్ధతి: వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమెది ఆగి, పిల్లలకు అనాథ పెన్షన్ రేటు వర్తిస్తుంది. ఆటోనగర్‌లో పనిచేసే మా వీధి అమ్మాయికి అలాగే జరిగింది. విడాకులు పొందిన కూతురికి మాత్రం ఇలాంటి వెసులుబాటు ఏదీ లేదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ముప్పై, నలభై ఏళ్ల ఆడదాన్ని తోడు కావాలో తిండి కావాలో తేల్చుకోమనడం అది.

బంధువుల్లో కొందరు తేలిక దారి చెప్పారు. సింహాచలం కొండ మీద తాళి కట్టించుకోండి, రిజిస్టర్ చేయించొద్దు, బ్యాంకుకు చెప్పొద్దు అని. మాకు తెలిసిన ఇళ్లలో అలా చేసినవాళ్లు ఉన్నారట. నేను ఒప్పుకోలేదు. ఏటా నవంబరులో పెళ్లి కాలేదని సంతకం పెట్టి ఇస్తున్నదాన్ని, ఆ సంతకం అబద్ధమైతే తర్వాత వసూలు చేసేది మొత్తం బకాయి, పైగా కేసు. అంతకంటే ముఖ్యం, నాన్న ఇన్నేళ్లు పోరి కోర్టు ముద్ర వేయించింది ఇలా దాక్కుని బతకడానికి కాదు. పెళ్లయ్యాక ఆయన భార్యగా ఏ కాగితంలోనూ లేకపోతే రేపు ఆయనకు ఏదైనా జరిగితే నాకు ఏ హక్కు ఉంటుంది?

ఆయనతో అంకెలన్నీ దాచకుండా చెప్పాను. నా పెన్షన్ ఇంత, పెళ్లితో పోయేది ఏడాదికి రెండు లక్షల అరవై వేలు పైమాటే అని. ఆయన కాసేపు ఆలోచించి, "పాప పదో తరగతి అయ్యాక మాట్లాడుకుందాం. ఈలోగా ఆ డబ్బు పాపకే దాచండి" అన్నారు. పెళ్లి రోజే పీఎఫ్ కాగితాల్లో నామినీగా నా పేరు మారుస్తానన్నారు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

2026 మార్చిలో పాప పరీక్షలు. ఆ తర్వాత వేసవిలో రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. అదే వారంలో పెళ్లి సర్టిఫికెట్ నకలుతో బ్యాంకుకు, నాన్న ఆఫీసుకు పెన్షన్ ఆపమని ఉత్తరాలు ఇస్తాను. అప్పటిదాకా పాప పేరున పదికి బదులు పదిహేను వేలు కడదామని ఈ నెల నుంచి మొదలుపెట్టాను. నవంబరు కాగితాలు మొన్న బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకున్నాను.